ట్రేడ్ ఫారంలో మూడో గడి గురించి

మీ ప్రశ్న చదివాను. బేసిక్ ట్రైనింగ్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా కొత్తగా వచ్చారు. చేతికింద నలభై మంది రిక్రూట్లు. మూడు వారాల్లో అందరి ట్రేడ్ ఛాయిస్ ఫారాలు, అంటే సైన్యంలో ఏ పని కావాలో ఇష్టం వరసలో మూడు గడుల్లో రాసే కాగితాలు, నింపించి పైకి పంపాలి. రాత్రి రోల్ కాల్ అయ్యాక ఒక్కొక్కరే వచ్చి "ఏది పెట్టమంటారు సార్?" అని అడుగుతున్నారు. ఒకడు డ్రైవర్ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. ఇంకొకడికి లెక్కల్లో, ఎలక్ట్రానిక్స్‌లో మంచి మార్కులొచ్చాయి, వాడేమో ఫిరంగుల దగ్గరికే పోతానంటున్నాడు. వీళ్లకు ఏం చెప్పాలి, అసలు చెప్పే హక్కు నాకుందా అని అడిగారు.

హక్కు సంగతి పక్కన పెట్టండి. మీరు చెప్పకపోతే పక్క మంచం వాడు చెప్తాడు. వాడికి మీకన్నా తక్కువ తెలుసు, ధైర్యం మాత్రం ఎక్కువ.

నా సర్వీసు ఇరవై ఆరేళ్లు. అందులో ఎనిమిదేళ్లు శిక్షణ కేంద్రాల్లో గడిచాయి, ఆ ఎనిమిదిలో ఐదేళ్లు ట్రేడ్ కేటాయింపు టేబుల్ దగ్గరే. నా సొంత ట్రేడ్ సిగ్నల్స్, అంటే రేడియో, సమాచార సంబంధాల పని. మొదటి ఏడాది నేను చేసిన నిర్వాకం ఏమిటంటే, వచ్చినవాడికల్లా "టెక్నికల్ పెట్టు, బయటికెళ్లాక పనికొస్తుంది" అని చెప్పి పంపేయడం. అలా పంపినవాళ్లలో ఒక కుర్రాడు ఎలక్ట్రానిక్స్ కోర్సు రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూర్చోనివ్వలేదు, స్టోర్స్‌కి మార్చారు. ఏడాదికి పైగా పోయింది. తనతో చేరినవాళ్లంతా యూనిట్లలో కుదురుకుంటే వీడొక్కడు కోర్సు బ్యారక్‌లోనే ఉండిపోయాడు. చేతిపనిలో వాడు దిట్ట. బ్యారక్‌లో ఎవరి పెట్టె తాళం పట్టేసినా, ఎవరి బూటు ఊడినా వాడి దగ్గరికే వెళ్లేవారు. సర్క్యూట్ బొమ్మ మాత్రం వాడికి తలకెక్కలేదు. ఆ ఫారం తర్వాత తీసి చూశాను. మొదటి గడిలో నేను చెప్పింది రాశాడు. రెండో గడిలో స్నేహితుడు రాసింది రాశాడు. మూడో గడిలో 'ఏదైనా సరే' అని ఉంది.

ఆ 'ఏదైనా సరే'ని నేను చూసి ఉంటే వాడికి ఆ ఏడాది మిగిలేది. అందుకే మీకు చెప్పేదంతా మూడో గడి చుట్టూనే తిరుగుతుంది.

కేటాయింపు ఎలా జరుగుతుందో ముందు కుర్రాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. చాలామంది దీన్ని కాలేజీ సీటు లాంటిదనుకుంటారు, మార్కులొస్తే కోరుకున్నది దొరుకుతుందని. సైన్యంలో మొదట చూసేది ఖాళీలు. ఈ నెలలో ఏ స్కూల్లో ఏ కోర్సు మొదలవుతోంది, ఎన్ని సీట్లున్నాయి అన్నది. తర్వాత మెడికల్. తర్వాత ఆ ట్రేడ్‌కి కావాల్సిన కనీస మార్కులు, చదువు. వీటన్నిటినీ దాటి మిగిలినవాళ్లలో ఎవరికి ఏది ఇవ్వాలన్నప్పుడు మాత్రమే ఇష్టాన్ని చూస్తారు. దేశాన్ని బట్టి, దళాన్ని బట్టి వరస కొంచెం మారుతుంది. అమెరికా సైన్యంలోలాగా చేరే ముందే ఒప్పందంలో ట్రేడ్ రాసిచ్చే పద్ధతి ఉన్నచోట ఈ మాటలన్నీ రిక్రూటింగ్ ఆఫీసులోనే అయిపోతాయి. అక్కడ కూడా ఆ రోజు కంప్యూటర్‌లో ఖాళీ చూపిస్తేనే రాసిస్తారు. ఖాళీని ఎవరూ సృష్టించలేరు.

అంటే, సీట్లు తక్కువున్న ట్రేడ్‌కి అందరూ ఎగబడిన నెలలో ఎక్కువమందికి దక్కేది రెండో గడో మూడో గడో. మొదటి గడి గురించి నెల రోజులు ఆలోచించి, మిగతా రెండూ అర నిమిషంలో నింపేవాడు నిజానికి తన భవిష్యత్తును ఆ అర నిమిషానికి అప్పగిస్తున్నాడు. మొదటి గడిని వాడికే వదిలేయండి. కల వాడిది, రాసుకోనివ్వండి. మీరు కూర్చోవాల్సింది మిగతా రెంటి దగ్గర. "నీకు మొదటిది రాలేదనుకో. రేపు పొద్దున లిస్టులో మూడోదే వచ్చింది. బ్యాగు సర్దుకుంటావా, నా మీద అలుగుతావా?" అని అడగండి. అలుగుతాను అనేలా మొహం పెడితే ఆ గడి ఇంకా ఖాళీగా ఉన్నట్టే.

ఈ తలనొప్పి మీతో మొదలైంది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం మొదట్లో మనుషుల్ని నేరుగా ఏదో ఒక శాఖలోకి చేర్చుకునేది. మెకానిక్కులు మామూలు రైఫిల్ కంపెనీల్లోకి, మిషన్ ముట్టుకోవడమే రానివాళ్లు వర్క్‌షాపుల్లోకి పోయారు. 1941లో సిబ్బంది ఎంపికకు ప్రత్యేకంగా ఒక డైరెక్టరేట్ పెట్టుకున్నారు. 1942 జూలై నుంచి కొత్తవాళ్లందరినీ ముందు జనరల్ సర్వీస్ కోర్ అనే ఉమ్మడి దళంలో చేర్చి ఆరు వారాల ప్రాథమిక శిక్షణ ఇచ్చారు. పరీక్షలు, ఇంటర్వ్యూలు ఆ ఆరు వారాల్లోనే జరిగేవి. ఎవరు ఏ శాఖకో ఆ తర్వాతే తేల్చేవారు. ఇవాళ మీరు చేస్తున్న పనికి ఒక రూపం అక్కడ వచ్చింది. మనిషిని కొన్ని వారాలు దగ్గర్నుంచి చూసినవాడి మాటకు విలువ ఉందని వాళ్లకు యుద్ధం మధ్యలో తెలిసొచ్చింది.

ఇక మార్కులు. మీకు వచ్చే షీటులో మొత్తం స్కోరు లావు అక్షరాల్లో ఉంటుంది, విడి స్కోర్లు కింద చిన్నగా ఉంటాయి. మీకు కావాల్సింది ఆ చిన్న అక్షరాలే. అమెరికాలో సైన్యంలో చేరేవాళ్లకు పెట్టే ఆస్వాబ్ పరీక్షనే తీసుకోండి. సైన్యంలోకి తీసుకోవచ్చా లేదా అన్నది తేల్చే స్కోరు అందులో నాలుగు భాగాల నుంచి వస్తుంది: రెండు లెక్కలవి, రెండు భాషవి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, వాహనాలు, వర్క్‌షాపు పరిజ్ఞానం లాంటి భాగాలు అందులో కలవవు, అవి ట్రేడ్ తేల్చేటప్పుడు లెక్కలోకొస్తాయి. అంటే మొత్తం స్కోరులో మధ్యస్థంగా ఉన్నవాడు మెకానికల్‌లో ప్లాటూన్‌కే మొదటివాడై ఉండొచ్చు. తాళాలు తీసే నా కుర్రాడు అలాంటివాడే. విడి స్కోర్లు నా బల్లమీదే ఉన్నాయి, నేను పైన ఉన్న అంకె మాత్రమే చూశాను.

పరీక్షను దేవుడి మాటగా తీసుకోకండి. ఇదే ఆస్వాబ్‌ను 1976లో అన్ని దళాలకూ కలిపి మొదలుపెట్టినప్పుడు స్కోర్ల కొలబద్దలోనే తప్పు దొర్లింది. తక్కువ వచ్చినవాళ్ల మార్కులు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించాయి. సరిదిద్దేసరికి 1980 వచ్చింది. కొలిచే టేపే సాగిపోతే కుట్టేవాడేం చేస్తాడు? ఆ దెబ్బతో పరీక్షలో మార్కులకూ, తర్వాత ఉద్యోగంలో పనితీరుకూ నిజంగా సంబంధం ఉందా అన్న ప్రశ్న వచ్చింది. దాని కోసం అమెరికా సైన్యం 1980లలో ప్రాజెక్ట్ ఎ అనే పెద్ద పరిశోధన చేసింది. దాంట్లో తేలింది మీకు పనికొస్తుంది. ఆప్టిట్యూడ్ పరీక్షలు ఒకడు పనిని చేయగలడా అన్నది బాగానే చెప్తాయి. రోజూ మనసుపెట్టి చేస్తాడా, క్రమశిక్షణలో ఉంటాడా అన్నది చెప్పడంలో అవి వెనకబడ్డాయి. అక్కడ మనిషి స్వభావాన్ని కొలిచే ప్రశ్నలే నయమనిపించాయి.

ఆ రెండో సగం మీ కళ్ల ముందే ఉంది. పరీక్ష హాల్లో కూర్చున్నవాడికి కనపడనిది బ్యారక్‌లో ఉన్న మీకు కనపడుతుంది. రైఫిల్ విప్పి తుడిచేటప్పుడు చిన్న స్ప్రింగును ఎవడు జాగ్రత్తగా గుడ్డమీద పెడతాడు, ఎవడు జేబులో వేసుకుంటాడు? నైట్ గార్డ్‌లో మూడో గంటలో ఎవడు ఇంకా చుట్టూ చూస్తున్నాడు? పక్కవాడి పాదం పొక్కితే ఎవడు వంగి చూస్తాడు? ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని పేరు ఎదురుగా ఇలాంటివే రాయండి. 'మంచి కుర్రాడు', 'చురుకు' లాంటి మాటలు రాయకండి, మూడు వారాల తర్వాత చదివితే ఏమీ గుర్తురాదు.

మెడికల్ దగ్గర ఒక గంట ఎక్కువ పెట్టండి. ఎక్కువ మనసులు విరిగేది ఇక్కడే, అదీ ఆలస్యంగా. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలియని లోపం మగవాళ్లలో, జనాభాను బట్టి, నూటికి నాలుగు నుంచి ఎనిమిది మందికి ఉంటుంది. ఆడవాళ్లలో చాలా అరుదు. చాలామందికి తమకు అది ఉందనే తెలియదు. రంగు చుక్కల్లో అంకె దాచిన ఇషిహారా ప్లేట్లు మీరూ చూసే ఉంటారు. జపాన్ సైన్యంలో డాక్టరుగా చేసిన షినోబు ఇషిహారా 1917లో వాటిని తెచ్చింది ఇలాంటి రిక్రూట్ల కోసమే. ఈ లోపం ఉన్నవాడు మంచి సైనికుడు కావడానికి అడ్డం లేని పనులు చాలా ఉన్నాయి. రంగుల వైర్లు కలపడం, విమానాల పని, సిగ్నల్ దీపాలు చదవడం లాంటివి మాత్రం దొరకవు. మొదటి గడిలో రాడార్ టెక్నీషియన్ అని రాసినవాడి కలర్ విజన్ రిపోర్టు మీరు ముందే చూసి ఉంటే, వాడు ఆ మాట లిస్టు రోజు కాకుండా ఇవాళే మీ నోట వింటాడు.

చెవి విషయం ఇంకా ఘోరం. ఎందుకంటే అది పోయేటప్పుడు నొప్పి ఉండదు. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో పనిచేస్తే ముప్పు మొదలవుతుందని పారిశ్రామిక నియమాలు చెప్తాయి. రైఫిల్ పేలుడు ఒక్క క్షణం 150 డెసిబెల్స్ దాటుతుంది, ఫిరంగి సంగతి చెప్పక్కర్లేదు. ముందు దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి కీచు శబ్దాల దగ్గర. మామూలు మాటలు వినపడుతూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు. ఇప్పటికే ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫులో, అక్కడ చిన్న గుంట కనిపిస్తున్నవాడిని గన్నులకో, ఇంజిన్ రూముకో, ట్యాంకుకో పంపే ముందు డాక్టరుతో మాట్లాడండి. డాక్టరు ఫిట్ అని రాశాక మీరు అడ్డుచెప్పలేరు. ఆ కాగితం ఏం చెప్తోందో కుర్రాడికి చదివి వినిపించగలరు కదా. ఇయర్ ప్లగ్ పెట్టుకోవడం మగతనం తక్కువని ఎవడైనా చెప్తే, నా కుడి చెవి దగ్గరికి పంపండి, రోజంతా మోగుతూనే ఉంటుంది.

మీ ఫిరంగి కుర్రాడి సంగతికి వద్దాం. వాడికి లెక్కలు బాగా వచ్చు, గన్నులంటే ఇష్టం. ఈ రెంటికీ గొడవ ఉందని మీరెందుకనుకున్నారు? ఆర్టిలరీ అంటే గన్ను తాడు లాగేవాడు ఒక్కడే కాదు. గన్ను ఎక్కడుందో సర్వే చేసి తేల్చేవాడు కావాలి, గాలి, ఉష్ణోగ్రత కొలిచేవాడు కావాలి, గుండు ఎక్కడ పడాలో లెక్కగట్టి ఫైర్ డేటా ఇచ్చేవాడు కావాలి, ముందు కూర్చుని పడినచోటు చూసి సరిదిద్దేవాడు కావాలి. లెక్కలొచ్చినవాడికి అక్కడ కడుపునిండా పని. గన్ను దగ్గరి పని మాత్రం మోయడం, తవ్వడం, తుడవడం. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కోటి దాదాపు 43 కిలోలు, రకాన్ని బట్టి ఇంకా పైన. దాన్ని వానలో, చీకట్లో, బురదలో ఎత్తాలి, ఒకటి కాదు, ఇరవై, ముప్పై. అది కూడా చెప్పండి. విన్నాక కళ్లు ఇంకా మెరిస్తే మొదటి గడిలో గన్నర్ రాయనివ్వండి, రెండో గడిలో అదే శాఖలోని సర్వే లాంటి టెక్నికల్ ట్రేడ్, మూడో గడిలో సిగ్నల్స్ లాంటిది. అప్పుడు వాడి లెక్కలు ఎక్కడికీ పోవు.

మార్కులు బాగున్నవాణ్ని టెక్నికల్‌కి తోసేయాలన్న ఒత్తిడి మీ పైవాళ్ల నుంచి కూడా వస్తుంది, ఎందుకంటే ఆ కోర్సుల్లో ఫెయిలయ్యేవాళ్లు ఎక్కువ, మార్కులున్నవాళ్లు కావాలి. వాళ్ల అవసరం నిజమైనదే. కానీ మార్కులున్నాయి కదా అని మనసులేని చోట కూర్చోబెట్టినవాడు కోర్సు పాసై, ఒప్పందం గడువు తీరిన రోజే వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను. అంతకన్నా కొంచెం తక్కువ మార్కులున్నా ఇష్టపడి వచ్చినవాడు ఇరవై ఏళ్లు ఉంటాడు. ఇది నా అనుభవం, మీ పైవాళ్లకు వాళ్ల లెక్కలుంటాయి.

డ్రైవర్ కుర్రాడు ఇంకో రకం. డ్రైవర్ అనగానే వాడి కళ్లముందు ఖాళీ రోడ్డు, స్టీరింగు. సైనిక డ్రైవర్ రోజులో స్టీరింగు వాటా చిన్నది. పొద్దున్నే ఆయిల్, నీళ్లు, టైర్లు, బ్యాటరీ చూడాలి. లాగ్ బుక్ నింపాలి. బండిలో ఏం ఎక్కిస్తున్నారో లెక్క చూసుకోవాలి. ఎవరో వచ్చేదాకా మూడు గంటలు నీడలో నిలబడాలి. కాన్వాయ్‌లో ముందు బండి వెనక అదే వేగంతో, అదే దూరంలో, దీపాలు దాదాపు ఆర్పేసి రాత్రంతా నడపాలి. తిరిగొచ్చాక బండి కడగాలి. వాణ్ని ఒక రోజు వాహనాల షెడ్డుకి తీసుకెళ్లండి. ఉదయం పరేడ్ టైములో కాదు, మధ్యాహ్నం మూడింటికి తీసుకెళ్లండి. ఆ టైములో షెడ్డు ఎలా ఉంటుందో అదే ట్రేడ్. బండి కింద పడుకుని గ్రీజు పూస్తున్నవాడి పక్కన వీడు కూడా వంగి చూస్తే, వీడు డ్రైవరే. నిలబడి ఫోన్ చూసుకుంటే రెండో గడి గురించి మాట్లాడే సమయం వచ్చినట్టు.

మధ్యాహ్నం మూడు గంటల ఉపాయం అన్ని ట్రేడ్లకూ వాడండి. వీలైతే ఆ ట్రేడ్‌లో రెండు మూడేళ్ల సర్వీసున్న జవానుని తెచ్చి కూర్చోబెట్టండి. ఇస్త్రీ మడత నలగని సీనియర్ వస్తే ట్రేడ్ గొప్పతనం చెప్తాడు. రెండేళ్లవాడు "ఇన్వెంటరీ నెలలో నిద్ర ఉండదు అన్నా" అని నిజం చెప్తాడు. ఉద్యోగంలో చేరేముందే దాని చెడు వైపు కూడా చూపిస్తే తొందరగా వదిలేసేవాళ్లు కొంత తగ్గుతారని ఉద్యోగ మనస్తత్వ శాస్త్రంలో చేసిన అధ్యయనాలు చెప్తాయి. తేడా మరీ పెద్దదేం కాదు. మీరు దానికి పెట్టే ఖర్చు కూడా ఒక మధ్యాహ్నమే.

రాడార్, సోనార్, నిఘా కెమెరాల ముందు కూర్చునే ట్రేడ్ల గురించి ఒక మాట. వీడియో గేములు ఆడేవాళ్లంతా దీనికి ఎగబడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ ముందు కూర్చున్నవాళ్లు ఎందుకు లక్ష్యాలను వదిలేస్తున్నారో తేల్చమని బ్రిటిష్ వైమానిక దళం అడిగితే నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం లాంటిది తయారుచేశాడు. ముల్లు సెకనుకు ఒక అడుగు వేస్తుంది. ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. అది కనిపెట్టి మీట నొక్కాలి, రెండు గంటలసేపు. మొదటి అరగంట దాటేసరికే జనం ముల్లు దూకడాన్ని గమనించకుండా వదిలేయడం మొదలుపెట్టారు. గేములో ప్రతి క్షణం ఏదో జరుగుతుంది. ఇక్కడ ఏమీ జరగకపోవడమే పని. చేపలు పట్టడం ఇష్టమైనవాడు, గంటసేపు ఒకే బొమ్మకు రంగులు వేయగలిగినవాడు, గార్డ్ డ్యూటీని తిట్టుకోకుండా చేసేవాడు ఈ ట్రేడ్‌లో నిలబడతాడు. గేములో గెలిచేవాడు నిలబడతాడో లేదో చెప్పలేం.

క్లర్కు, స్టోర్స్, వంట. ఈ మూడింటినీ కుర్రాళ్లు చిన్నచూపు చూస్తారు. మూడో గడిలో 'ఏదైనా సరే' అని రాసినవాళ్లు ఎక్కువగా తేలేదీ ఇక్కడే. కాబట్టి వీటి గురించి మీరు అందరికన్నా ఎక్కువ తెలుసుకోవాలి. క్లర్కు ఒక అక్షరం తప్పు రాస్తే ఒకడి ప్రమోషన్ ఆరు నెలలు ఆగుతుంది. అలాంటి తప్పులో ఇరుక్కున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను. స్టోర్‌కీపర్ చేతిలో ఉన్న సరుకు విలువ, వాడు సంతకం పెట్టే బాధ్యత, అదే వయసున్న బయటి ఉద్యోగికి ఎవరూ ఇవ్వరు. లెక్కకు లెక్క కలవకపోతే నిద్రపట్టని మనస్తత్వం ఉన్నవాడికి స్టోర్స్ స్వర్గం. లెక్క చూసీ చూడనట్టు వదిలేసేవాడికి ఎంక్వైరీ ఖాయం. వంటవాడి గురించి ఎక్కువ చెప్పను. అందరికన్నా ముందు లేస్తాడు, బాగుంటే ఎవరూ మెచ్చుకోరు, ఉప్పు ఎక్కువైతే యూనిట్ మొత్తం మాట్లాడుతుంది. దాన్ని నవ్వుతూ తీసుకోగలిగినవాణ్నే పంపండి.

నర్సింగ్, మెడిక్ ట్రేడ్ కోరేవాళ్లను రక్తం చూడగలవా అని అందరూ అడుగుతారు. రక్తానికి అలవాటు పడతారు. అసలు అడగాల్సింది, పదిసార్లు చెప్పినా వినని రోగికి పదకొండోసారి ఓపికగా చెప్పగలవా అని. శాంతి సమయంలో మెడిక్ పనిలో ఎక్కువ భాగం పాదాల పొక్కులు, జ్వరాలు, నీళ్ల శుభ్రత, రిజిస్టర్లు. ఇన్ఫంట్రీ గురించి కుర్రాళ్లకు ఎలాగూ తెలుసు. మోకాళ్లు, నడుము మాత్రం ముందే అడగండి. పాత దెబ్బను దాచిపెట్టి బరువుతో మార్చ్ చేసేవాడు ఏడాదిలో మెడికల్ కేటగిరీ పడిపోయి కోరుకోని ట్రేడ్‌లోకే వెళ్తాడు.

మీ ప్లాటూన్‌లో అమ్మాయిలుంటే ఒక అలవాటు మీ చేతిని నడిపిస్తుంది, చూసుకోండి. కొలతలు, మార్కులు చూడకుండానే క్లర్కు, మెడికల్ వైపు పెన్ను పోతుంది. పేరు మూసి షీటు చదవండి.

మాట్లాడేటప్పుడు "నీకేం ఇష్టం?" అని మొదలుపెట్టకండి. దానికి వాళ్ల దగ్గర బట్టీపట్టిన జవాబు ఉంటుంది. ఆఖరిసారి నీ చేత్తో ఏం బాగుచేశావు? ఇంట్లో ఎవరూ చెప్పకుండానే నువ్వు చేసే పని ఏంటి? పని మధ్యలో ఎవరైనా పిలిస్తే చిరాకొస్తుందా? వారం రోజులు ఒక్కడివే ఒక పోస్టులో ఉండమంటే? స్కూల్లో ఏ మాస్టారంటే భయం, ఎందుకు? ఆఖరి ప్రశ్న వింతగా ఉంటుంది కానీ దాని జవాబులో వాడు దేన్ని తప్పించుకుంటున్నాడో బయటపడుతుంది. ఒకడు లెక్కల మాస్టారి మీద కోపంతో టెక్నికల్ వద్దంటున్నాడని నాకు అలాగే తెలిసింది. వాడి లెక్కల స్కోరు చూస్తే ప్లాటూన్‌లో రెండోది.

ఇంకో రెండు మాటలు తప్పకుండా అడగండి. ఫలానా ట్రేడ్ ఎందుకంటే "మా ఫ్రెండ్ కూడా అదే పెడుతున్నాడు" అని వస్తే, ఇద్దరికీ ఒకే కోర్సు వచ్చినా ఒకే యూనిట్ రాకపోవచ్చని చెప్పండి. "బయటికెళ్లాక ఉద్యోగం" అని వస్తే, అది మంచి ఆలోచనే, కానీ ట్రేడ్ పేరు చూసి బయట ఉద్యోగం ఇవ్వరని చెప్పండి. సైన్యంలో పదేళ్లు ట్రక్కు నడిపినా, గాయాలకు కట్లు కట్టినా, బయటి లైసెన్సు లేదా సర్టిఫికెట్ విడిగా తెచ్చుకోవాల్సిన దేశాలు చాలా ఉన్నాయి. ఏ కోర్సు ఎన్ని గంటలు, ఏ పరికరం మీద చేశాడో కాగితాలన్నీ మొదటి రోజు నుంచి ఫైలులో పెట్టుకోమనండి. సర్వీసు చివర్లో వెతుక్కుంటే సగం దొరకవు.

ఫారాన్ని ముందు పెన్సిల్‌తో నింపించండి. ఒక రాత్రి వాళ్ల దగ్గరే ఉంచి, మర్నాడు పెన్నుతో రాయించండి. ఆ రాత్రి మార్పులు ఎక్కువగా జరిగేది మూడో గడిలోనే, మీరు చూస్తారు.

లిస్టు వచ్చిన రోజు కొందరి మొహాలు వాడిపోతాయి. అప్పుడు "సైనికుడికి ఏ పనైనా ఒకటే" అని మాత్రం అనకండి. వాడికి అది ఒకటి కాదని మూడు వారాలు మీరే నేర్పారు. ట్రేడ్ మార్పిడికి మీ దళంలో ఏ నిబంధనలున్నాయో, ఎంత సర్వీసు తర్వాత అడగొచ్చో, ఏ పరీక్ష పాసవ్వాలో ముందే కనుక్కుని కాగితం మీద రాసివ్వండి. తేదీ ఉన్న కాగితం చేతిలో ఉంటే వాడు ఎదురుచూడగలడు. కోర్సులో ఉండగానే మార్పిడి అడిగితే ఫెయిల్ అవుతానని భయపడి అడిగినట్టు చూస్తారు. కోర్సు బాగా పాసై, యూనిట్‌లో మంచి రిపోర్టు తెచ్చుకుని అడిగితే వింటారు. ఇది కూడా చెప్పి పంపండి.

చివరగా మీరు అడగనిది ఒకటి: మీ సొంత ట్రేడ్ గురించి కుర్రాళ్లకు చెప్పాలా? అడిగితే చెప్పండి, కానీ వాళ్ల మూడు గడులూ పెన్సిల్‌తో నింపాక. ముందే చెప్తే నలభై ఫారాల్లో ముప్ఫై మీ ట్రేడ్‌తోనే వస్తాయి. నాకు అలాగే వచ్చాయి. అందరికీ సిగ్నల్స్ కావాలట.